సబ్బుపొడి ఇంట్లో చేసుకుంటున్నారా?

ఒక సోదరి ఇలా రాశారు: "డాక్టరుగారికి నమస్కారాలు. మా ఇంట్లో ఆరుగురం. నెలనెలా బట్టల సబ్బులకీ, పొడికీ అయ్యే ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటోంది. మా పక్కింటి పిన్నిగారు సబ్బుపొడి ఇంట్లోనే కలుపుకుంటున్నారు. ఆవిడ చెప్పినట్టే కొట్టుకి వెళ్ళి సోడా ఇమ్మంటే, 'ఏ సోడా అమ్మా?' అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక ఊరికే వచ్చేశాను. ఏ సోడా కొనాలి? ఇంట్లో చేసిన పొడితో ఉతికితే చేతులు పాడవుతాయా? మా మనవడికి ఏడో నెల. వాడి బట్టలకి వాడవచ్చునా?"

అమ్మా, తెలియనప్పుడు కొనకుండా తిరిగి వచ్చారు చూశారా, అది చాలా మంచి పని. మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నా, అసలు ప్రశ్న ఆ కొట్టతను వేసినదే. దానికి జవాబు తెలిసిన ఇంట్లో సబ్బుపొడి నిక్షేపంగా చేసుకోవచ్చు. తెలియని ఇంట్లో మాత్రం నాలుగు డబ్బులు మిగుల్చుకోబోతే అసలుకే మోసం వస్తుంది. అందుకే బట్టల గొడవని ఈ వారం ఆరోగ్య శీర్షికలోకి తీసుకువచ్చాను.

ఇదేమీ కొత్త విద్య కాదు. పూర్వం రజకులు చౌడుమన్ను కలిపిన నీళ్ళలో బట్టలు నానబెట్టి, బాన మీద ఆవిరి పట్టించి ఉతికేవారు. ఆ మట్టిలో మురికిని వదిలించే పదార్థం ఈనాడు మనం కొనే చాకలి సోడాయే. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయి పటేల్ అనే ఆయన తన ఇంటి పెరట్లో సబ్బుపొడి కలిపి, సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి చవకగా అమ్మారు. అదే తరువాత నిర్మా అయింది. అయితే ఆయన రసాయనశాస్త్రం చదువుకున్న మనిషి. తాను కలుపుతున్నదేమిటో ఆయనకి తెలుసు. మనకీ ఆ మాత్రం తెలిసి ఉండాలి.

సోడా ఒకటి కాదు, మూడు

మొదటిది తినే సోడా. వంట సోడా అన్నా ఇదే. బజ్జీల పిండిలో చిటికెడు వేస్తాం. శాస్త్రంలో దీని పేరు సోడియం బైకార్బొనేట్. ఇది మెతక క్షారం. బట్టల మురికిని వదిలించే బలం దీనికి అంతగా లేదు. బట్టలకి దీన్ని కొనడం డబ్బు దండగ.

రెండవది చాకలి సోడా. సోడియం కార్బొనేట్ అంటారు. బట్టలకి కావలసినది ఇదే. పలుకులుగానూ దొరుకుతుంది, పొడిగానూ దొరుకుతుంది. పలుకుల బరువులో నూటికి 63 పాళ్ళు నీరే. గాలి తగిలేచోట ఉంచితే ఆ నీరు ఆరిపోయి, పలుకులు తెల్లగా పొడిపొడిగా అవుతాయి. ఈ లెక్కన 100 గ్రాముల పొడి సోడా చేసే పనికి సుమారు 270 గ్రాముల పలుకులు కావాలి. కిలో ధర తక్కువని పలుకులు కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడవది కాస్టిక్ సోడా. సోడియం హైడ్రాక్సైడు. తెల్లని రేకులుగానో, గుళికలుగానో ఉంటుంది. మూత తీసి ఉంచితే గాలిలోని తేమని పీల్చుకుని చెమర్చి ముద్ద అవుతుంది. నూనెని సబ్బుగా మార్చేది ఇదే. మన ఒంట్లోనూ కొవ్వూ, మాంసమూ ఉన్నాయి గనక వాటినీ ఇది అలాగే కరిగించి పారేస్తుంది.

క్షారగుణాన్ని కొలిచే కొలబద్దని పి.హెచ్. అంటారు. అందులో 7 మధ్యస్థం. పైకి వెళ్ళినకొద్దీ క్షారం ఎక్కువ. ఒక్కొక్క అంకెకీ పదేసి రెట్లు పెరుగుతుంది. తినే సోడా నీళ్ళు 8 దాటి కాస్త పైన ఉంటాయి. చాకలి సోడా నీళ్ళు 11 దగ్గర ఉంటాయి. కాస్టిక్ నీళ్ళు 13, 14కి పోతాయి. మన చర్మం పైపొర మాత్రం 5 దగ్గర, అంటే కొద్దిగా పులుపు వైపు ఉంటుంది. చేతికి ఏది ఎంత పరాయిదో ఈ అంకెలే చెబుతాయి.

కాబట్టి కొట్టులో 'సోడా' అని ఊరుకోకండి. 'చాకలి సోడా, పొడి' అని అడగండి. కాగితంలో పొట్లం కట్టి ఇస్తే వద్దనండి. పేరు అచ్చువేసి ఉన్న, సీలు తియ్యని ప్యాకెట్టే తీసుకోండి. మూడూ తెల్లగానే ఉంటాయి. నాలుక మీద వేసుకునో, వేళ్ళ మధ్య నలిపో పరీక్ష చెయ్యడం ఎప్పుడూ చెయ్యకూడని పని.

కలిపే పద్ధతి

మామూలు బట్టల సబ్బు అరకిలో, పొడి చాకలి సోడా పావుకిలో తీసుకోండి. సబ్బుని రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, ఇందుకని విడిగా ఉంచుకున్న కోరుతో సన్నగా తురమండి. కొబ్బరికి వాడే కోరు వద్దు. తురుము ఇంకొక రోజు ఆరాక సోడా కలిపి, తడి లేని డబ్బాలో పోసి మూత బిగించండి. కలిపేటప్పుడు ఫ్యాను ఆపి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఆ ధూళి ముక్కులో పడితే మంట, దగ్గు వస్తాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే పెరట్లోనో, డాబా మీదనో కలపండి. పిల్లలు బడికి వెళ్ళాక ఈ పని పెట్టుకుంటే మరీ మంచిది.

15 లీటర్ల బకెట్టుకి రెండు పెద్ద చెంచాల పొడి చాలు. ముందు చెంబుడు వేడినీళ్ళలో బాగా కరిగించి, తరువాత బకెట్టులో పోయండి. అరగంట నానిస్తే చాలా మురికి అదే వదులుతుంది.

సోడా ఎందుకంటే, మన బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పునీళ్ళు. అందులోని సున్నపు లవణాలు సబ్బుతో కలిసి పెరుగు విరిగినట్టు తెల్లటి తరకలు కడతాయి. సబ్బు సగం ఇలాగే వృథా అవుతుంది. చాకలి సోడా ఆ లవణాలను ముందే పట్టేసి, సబ్బుని మురికి మీదికి పంపుతుంది. మీ నీళ్ళు మంచివైతే సోడా ఇంకా తగ్గించుకోవచ్చు.

సబ్బు కవరు మీద 'డిటర్జెంట్ బార్' అని ఉంటే దానికి మళ్ళీ సోడా కలపవద్దు. సాధారణంగా అందులో సోడా ముందే ఉంటుంది. పట్టు, ఉన్ని బట్టలకి ఈ పొడి పనికిరాదు. క్షారం వాటి పోగుని కొరుకుతుంది. అల్యూమినియం గిన్నెలో ఈ నీళ్ళు పోయవద్దు. వాషింగ్ మిషనులో ఈ పొడి వాడవద్దు. సబ్బు తరకలు లోపల పేరుకుని, మిషను బాగుచేయించే ఖర్చు మీద పడుతుంది.

పట్టుకీ, ఉన్నికీ మన కుంకుడుకాయ ఉండనే ఉంది. పది పదిహేను కాయలు గింజలు తీసి, రాత్రి నానబెట్టి, పొద్దున ఒక పొంగు రానిచ్చి, పిసికి వడగట్టుకోండి. ఆ రసం రెండు రోజులకి మించి నిలవ ఉండదు. అప్పటికప్పుడు చేసుకోవాలి. తలంటి రోజున కళ్ళు భగ్గుమన్న జ్ఞాపకం అందరికీ ఉంటుంది గనక, చిందకుండా చూసుకోమని వేరే చెప్పనక్కరలేదు.

నిజంగా ఎంత మిగులుతుంది?

కిలోకి ఎంత అని కాక, ఒక బకెట్టు బట్టలకి ఎంత అని లెక్క వెయ్యండి. సబ్బుకీ, సోడాకీ పెట్టిన డబ్బుని, ఆ పొడితో ఉతికిన బకెట్ల సంఖ్యతో భాగించండి. కొన్న పొడికీ అలాగే చెయ్యండి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే మీ ఊరి ధరల్లో ఎంత మిగులుతుందో తేలిపోతుంది. కొన్ని ఇళ్ళలో బాగా మిగులుతుంది, కొన్ని ఇళ్ళలో అంతగా మిగలదు.

ఇంకొక సంగతి. నురగ ఎక్కువైతే మురికి ఎక్కువ పోతుందనుకోవడం పొరపాటు. నురగ ఎక్కువైతే జాడించే నీళ్ళు ఎక్కువవుతాయి, అంతే. గుప్పిళ్ళతో పోసేవారు చెంచాతో కొలవడం మొదలుపెడితే, ఇంట్లో ఏ పొడీ కలపకుండానే ఖర్చు తగ్గుతుంది. కాలరుకీ, మెడపట్టీకీ, చేతి అంచులకీ ముందుగా సబ్బు రాసి, తక్కిన బట్టని నానిస్తే చాలు.

చేతుల సంగతి

చేతులు పాడవుతాయా అని అడిగారు. జాగ్రత్త లేకపోతే తప్పకుండా పాడవుతాయి. ఆ మాటకొస్తే కొన్న పొడితోనూ పాడవుతాయి. సబ్బూ, సోడా చర్మం మీది సహజమైన జిడ్డుని కూడా కడిగేస్తాయి. ముందు చర్మం పొడిబారుతుంది, తరువాత ఎర్రబడుతుంది, తరువాత పగుళ్ళు, దురద. వేళ్ళ సందుల్లోనూ, ఉంగరం కిందా, గాజుల కిందా ముందు మొదలవుతుంది. సబ్బునీళ్ళు నిలిచేది అక్కడే గనక. ఎప్పుడూ తడిలో ఉండే చేతికి గోరుచుట్టు కూడా తొందరగా పట్టుకుంటుంది.

ఉతికే ముందు ఉంగరాలు తీసి పెట్టండి. పొడిని వట్టి చేత్తో కలపకండి, కర్రతో కలపండి. రబ్బరు తొడుగులు వేసుకుంటే మంచిది. లోపల పల్చని నూలు తొడుగు ఉంటే చెమట పట్టదు. పని అయ్యాక చేతులు మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు కూడా పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనో, వాసెలినో రాసుకోండి. ఇది ఎప్పుడో ఒకసారి కాదు, ఉతికిన ప్రతిసారీ చెయ్యాలి. పగుళ్ళ మీద నిమ్మకాయ రుద్దడం, సున్నం పెట్టడం వద్దు. పుండు మీద కారం చల్లినట్టే. రెండు వారాల్లో తగ్గకపోయినా, నీరు కారినా చర్మవైద్యులకి చూపించండి. మందుల షాపులో అడిగి ఏదో ఒక ఆయింట్‌మెంటు నెలల తరబడి రాసుకోవడం మంచిది కాదు.

పసివాడి బట్టలు, పసుపు పరీక్ష

మనవడి బట్టల గురించి అడిగారు. పసిపిల్లల చర్మం పలచన. పక్కబట్టల్లో, లంగోటీల్లో సోడా మిగిలిపోతే తొడల సందుల్లో ఎర్రగా ఒరుసుకుపోతుంది. తల్లులు దాన్ని వేడి చేసిందనుకుంటారు. పసివాడి బట్టలకి సోడా లేని వట్టి సబ్బు వాడండి. ఇంట్లో అందరి బట్టలకీ ఒకే పొడి అయితే ఒక జాడింపు ఎక్కువ చెయ్యండి.

సోడా పూర్తిగా పోయిందో లేదో తెలుసుకునే ఉపాయం మీ వంటింట్లోనే ఉంది. తెల్లకాగితం మీద తడి పసుపు రాసి ఆరబెట్టండి. దాని మీద ఒకచోట మామూలు కుళాయి నీళ్ళ చుక్క, పక్కనే చివరిసారి జాడించిన నీళ్ళ చుక్క వెయ్యండి. రెండవ చుక్క ఎర్రబడితే బట్టలో ఇంకా క్షారం ఉందని అర్థం. మళ్ళీ జాడించండి. పసుపు చీరకి సబ్బు తగిలితే ఎర్రటి మరక పడడం మీరు చూసే ఉంటారు. ఇదీ అదే. అయితే ఈ పరీక్షతో చాకలి సోడాకీ, కాస్టిక్ సోడాకీ తేడా తెలియదు. రెండూ పసుపుని ఎర్రగానే చేస్తాయి. అందుకు అచ్చువేసిన పేరు ఒక్కటే దారి.

గోటితో పోయేదానికి గొడ్డలి వద్దు

కొందరు ఇంకొక మెట్టు పైకెక్కి, నూనె, కాస్టిక్ సోడా కొని సబ్బే ఇంట్లో కాచుకుంటున్నారు. కొందరు రసాయనాల దుకాణంలో యాసిడ్ స్లర్రీ అనే చిక్కటి ద్రవం కొని, ద్రవపు సబ్బు కలుపుతున్నారు. ఇవి నేర్చుకున్నవారు, తగిన తొడుగులూ కళ్ళద్దాలూ పెట్టుకుని, పిల్లలు రాని చోట చేసే పనులు. కాస్టిక్ నీళ్ళలో పడగానే భగ్గున వేడి పుడుతుంది. కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే అది ఎగిరి ముఖాన పడుతుంది. అల్యూమినియం గిన్నెలో కలిపితే గిన్నెనే తినేస్తూ, మండే గుణమున్న హైడ్రోజన్ వాయువుని వదులుతుంది. నెల ఖర్చు తగ్గించుకోవడానికి గొడ్డలి అక్కరలేదు, గోరు చాలు. సబ్బు కొని తురుముకోండి. కాస్టిక్‌ని ఇంటి గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాట. ఇలాంటి ప్రమాదాలు వంటకాల్లో కంటే సీసాల్లోనే ఎక్కువ. ఇంట్లో చేసిన ద్రవపు సబ్బునీ, మిగిలిన సోడా నీళ్ళనీ, బాత్‌రూమ్ యాసిడ్‌నీ ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి మూల పెడతారు. వేసవి మధ్యాహ్నం ఆడుకుని వచ్చిన పిల్లవాడికి అది సబ్బునీళ్ళని ఎలా తెలుస్తుంది? వాడికి తెలిసింది సీసాయే. పెద్దవాళ్ళు కూడా చీకట్లో మంచినీళ్ళనుకుని తాగినవారున్నారు.

కాస్టిక్ గుక్క ఒకటి లోపలికి పోతే చాలు, నోటినుంచి కడుపుదాకా వెళ్ళే అన్నవాహిక కాలిపోతుంది. పెదవులు బాగానే ఉన్నాయి, నోట్లో పుండు లేదు అని ఊరుకోకూడదు. నోరు బాగా ఉండి, లోపల కాలినవారుంటారు. ప్రాణం దక్కినా, కొన్ని వారాలకి ఆ కాలినచోట మచ్చ బిగిసి అన్నవాహిక ఇరుకైపోతుంది. ముందు అన్నం దిగదు, తరువాత జావ కూడా దిగదు. ఆ ఇరుకుని వెడల్పు చెయ్యడానికి ఆ బిడ్డని మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి తిప్పాలి. సబ్బుపొడిలో మిగుల్చుకున్న డబ్బు దాని ముందు ఏపాటిది?

కాబట్టి తినే, తాగే వస్తువులు పోసిన సీసాలో, డబ్బాలో బట్టల సామాను పోయకండి. చేసిన పొడి డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'బట్టల పొడి, తినకూడదు' అని రాసి అంటించండి. చదవడం రాని పసివాళ్ళకి ఆ రాత అక్కరకు రాదు గనక, డబ్బాని వాళ్ళకి అందని ఎత్తున, మూత బిగించి ఉంచండి. వంటింటి అలమరలో తినే సోడా పక్కన చాకలి సోడా ఎప్పుడూ పెట్టకండి.

పొరపాటు జరిగితే

మింగినట్టు తెలిస్తే: వాంతి చేయించకండి. గొంతులో వేలు పెట్టడం, ఉప్పునీళ్ళు తాగించడం చెయ్యకండి. పోయేటప్పుడు కాల్చినది, వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. క్షారానికి పులుపు విరుగుడని నిమ్మరసమో, చింతపండు రసమో పట్టకండి. నోరు నీళ్ళతో పుక్కిలించి ఉమ్మించండి. బలవంతంగా ఏదీ పట్టించకండి. 108కి ఫోను చేసి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆ సీసానో, ప్యాకెట్టునో కూడా వెంట తీసుకువెళ్ళండి. ఏం మింగారో తెలిస్తే డాక్టరు పని సగం తేలిక అవుతుంది.

కంట్లో పడితే: ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా, రెప్పలు విడదీసి పట్టుకుని, ధారగా మంచినీళ్ళు పోస్తూ కడగండి. గడియారం చూసుకుని కనీసం 20 నిముషాలు కడగాలి. క్షారం యాసిడ్ కంటే లోతుకి దిగి కంటిపాపని దెబ్బతీస్తుంది. చనుబాలు, ఆముదం, నెయ్యి లాంటివి వెయ్యకండి. కడిగిన తరువాత మంట తగ్గినా సరే, అదే రోజు కంటి డాక్టరుకి చూపించండి.

చర్మం మీద పడితే: తడిసిన బట్ట విప్పేసి, నీళ్ళ ధార కింద పెట్టండి. పొడి పడితే ముందు దులిపి, తరువాత కడగండి.

చివరిగా ఒక్క మాట. బట్టలు తెల్లగా రావాలని ఉన్నవన్నీ ఒకే బకెట్టులో కలిపేవారున్నారు. బ్లీచింగ్ పౌడరునీ, బాత్‌రూమ్ యాసిడ్‌నీ ఎప్పుడూ ఒకచోట చేరనివ్వకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాలుస్తుంది. తలుపు మూసిన స్నానాలగదిలో అది ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున కలిసి ఘాటు వస్తే, ముందు బయటికి వచ్చెయ్యండి, తక్కినవి తరువాత చూసుకోవచ్చు.

అమ్మా, మీరు మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళండి. 'ఏ సోడా?' అని అడిగితే ఈసారి తడుముకోకుండా చెప్పండి. పక్కింటి పిన్నిగారింటికి కూడా ఒకసారి వెళ్ళి, ఆవిడ పొడి ఏ డబ్బాలో పోసి, ఎక్కడ పెట్టారో చూసి రండి. మీ మనవడు ఆ ఇంట్లో కూడా ఆడుకుంటాడు కదా!